అందుగు బంక: ఆవిరిగా లేచేది, అడుగున మిగిలేది

జడ్చర్ల నుంచి శ్రీశైలం వైపు వెళ్ళేవారికి మన్ననూరు దగ్గర నల్లమల ఎదురవుతుంది. అక్కడి రాతి వాలులలో, కాగితంలా పొరలుగా ఊడే బెరడుతో నిలిచే చెట్టు అందుగు. సంస్కృత వైద్య గ్రంథాలలో దీని పేరు సల్లకి. ఏనుగులు ఇష్టంగా మేస్తాయి కనుక గజభక్ష్య అని కూడ అన్నారు. శాస్త్రీయ నామం బాస్వెల్లియా సెర్రాటా. సామర్లకోటలో ఉద్యోగించి కోరమాండల్ తీరపు మొక్కలను నమోదు చేసిన విలియం రాక్స్‌బరో ఇచ్చిన ఈ పేరును 1807లో కోల్‌బ్రూక్ ప్రచురించాడు.

మనం సాంబ్రాణి అని కొనేదంతా అందుగు బంక కాదు. అందులో చాలావరకు సుమత్రా ప్రాంతపు స్టైరాక్స్ చెట్ల బంక. అరబ్బు వర్తకులు దానిని ‘లుబాన్ జావీ’ అన్నారు. ఆ మాటే ఐరోపాలో రూపుమారి బెంజోయిన్ అయింది. బెంజోయిక్ ఆమ్లం, బెంజీన్ అనే పేర్లకు మూలం అదే. దాని పరిమళం బెంజోయిక్, సిన్నమిక్ ఆమ్లాల ఎస్టర్ల వల్ల, కొద్దిపాటి వెనిలిన్ వల్ల కలుగుతుంది. అందుగు పరిమళం వేరు, అది టెర్పీన్లది. ఈ టెర్పీన్ల నిర్మాణాన్ని వివరించిన జర్మన్ రసాయనవేత్త ఆటో వాలాక్‌కు 1910లో నోబెల్ బహుమతి లభించింది.

అందుగు బంకలో మూడు భాగాలున్నాయి: నీటిలో కరిగే జిగురు, కరగని రెజిన్, ఆవిరయ్యే సుగంధ తైలం. బంకను నీటి ఆవిరితో బట్టీ పట్టినప్పుడు తైలం మాత్రమే పైకి లేస్తుంది. మన దేశపు అందుగు తైలంలో ప్రధానమైనవి ఆల్ఫా థూజీన్, ఆల్ఫా పైనీన్. ఇవి 10 కార్బన్లు గల చిన్న అణువులు, అణుభారం 136. రెజిన్‌లోని బాస్వెల్లిక్ ఆమ్లాలు 30 కార్బన్లవి. బీటా బాస్వెల్లిక్ ఆమ్లపు అణుభారం 456. అంత బరువైనవి ఆవిరితో లేవవు, పాత్ర అడుగునే మిగిలిపోతాయి.

వైద్యానికి సంబంధించిన చరిత్ర ముఖ్యంగా ఆ అడుగున మిగిలినదానిదే. 1986లో జమ్మూ ప్రాంతీయ పరిశోధనాలయానికి చెందిన సింగ్, అతల్ అందుగు బంక సారానికి వాపు తగ్గించే గుణమున్నదని ప్రకటించారు. 1992లో జర్మనీ పరిశోధకులు బాస్వెల్లిక్ ఆమ్లాలు 5-లైపాక్సిజనేజ్ అనే ఎంజైమును నిరోధిస్తాయని చూపారు. 2003లో నాగపూర్ వైద్యులు మోకాళ్ళ అరుగుదల ఉన్న 30 మందికి బంక సారాన్నిచ్చి, నొప్పి తగ్గినట్లు ప్రచురించారు. చిన్న అధ్యయనమే, అయినా అందులో వాడినది సారం, తైలం కాదు.

కాబట్టి సీసాలోని సాంబ్రాణి తైలంలో కీళ్ళ మందు ఉన్నదనుకొని కొనకండి. మర్దనలో సువాసన హాయినివ్వవచ్చు. తాగడానికి మాత్రం అది పనికిరాదు. సారపు మాత్రలు వాడదలచితే, ఇప్పటికే వేసుకుంటున్న మందుల సంగతి మీ వైద్యునికి ముందుగా చెప్పండి.

పసిబిడ్డకు తలంటి పోసి సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్ళలో పాత ఆచారం. ఆ పొగలో పరిమళంతో పాటు సన్నని మసి కణాలు, సగం కాలిన హైడ్రోకార్బన్లు ఉంటాయి. బిడ్డ ఊపిరితిత్తులకు అవి హాని చేస్తాయి. పూజగదిలో, కిటికీ తెరిచి, కాసేపు వేసుకోండి. ఉయ్యాల కింద మాత్రం వద్దు. తడి తల ఆరడానికి పొడి తువ్వాలు చాలు.