పలుభాషల విదూషకుడు – ట్రెవర్ నోవా చరిత్ర

పూర్వము రాజాస్థానములందు విదూషకునకు ఒక విశేషాధికారము కలదు. మంత్రులు పలుకజాలని సత్యమును అతడు నవ్వుతో పలుకగలడు. మన తోలుబొమ్మలాటలో కేతిగాని మాటలకును ఇట్టి చనవే కలదు. అమెరికా దేశమున ఈ పదవి ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున టెలివిజనునకు సంక్రమించినది. రాత్రి భోజనములు ముగిసి జనులు నిద్రకు ఉపక్రమించు వేళ, హాస్యగాడొకడు బల్ల వెనుక కూర్చుండి ఆనాటి వార్తలను పరిహసించుట, ప్రముఖులతో సంభాషించుట అచ్చటి ఆచారము. 1954లో స్టీవ్ అలెన్ 'టునైట్' కార్యక్రమముతో దేశమంతటికిని పరిచయము చేసిన ఈ సంప్రదాయమును, జానీ కార్సన్ 1962 నుండి 1992 వరకు ముప్పది సంవత్సరములు నడిపి స్థిరపరచెను. అట్టి పీఠములలో ఒకదానిపై 2015లో దక్షిణాఫ్రికా దేశీయుడొకడు ఆసీనుడయ్యెను. ఆయనయే ట్రెవర్ నోవా.

ఆయన చరిత్రను రాష్ట్రేతరాంధ్ర కుటుంబముల ముందుంచుటకు మాకొక కారణము కలదు. ఇంట నొక భాష, వీధిలో నొక భాష, బడిలో వేరొక భాషగా బ్రతుకు నడుపుట మనకు తరతరముల అనుభవము. అట్టి బ్రతుకునందే పుట్టి, దానినే తన విద్యగా మలచుకొనిన వాని కథ మనకు పరాయిది కాదు.

దక్షిణాఫ్రికాలో 1948లో అధికారమునకు వచ్చిన నేషనల్ పార్టీ వర్ణవివక్షను రాజ్యనీతిగా నెలకొల్పెను. 1950 నాటి జనాభా నమోదు చట్టము ప్రతి మనుష్యుని తెల్లవాడనియో, నల్లవాడనియో, మిశ్రవర్ణుడనియో పట్టికలో చేర్చెను. భారతీయులు పిమ్మట ప్రత్యేక వర్గమైరి. ఎవరెచ్చట నివసింపవలెనో, ఎవరే బడిలో చదువవలెనో ఆ పట్టికయే నిర్ణయించెను. అంతకు మునుపే, 1927లో, తెల్లవారికిని ఆఫ్రికనులకును నడుమ స్త్రీపురుష సంబంధమును నిషేధించుచు ఒక శాసనము చేయబడినది. దానిని మీరిన పురుషునకు ఐదేండ్ల వరకును, స్త్రీకి నాలుగేండ్ల వరకును కారాగారము విధింపవచ్చును. 1950లోను 1957లోను ఆ నిషేధము మరింత విస్తరించి కఠినమయ్యెను.

ఇట్టి దేశమున 1984 ఫిబ్రవరి 20వ తేదీన, జోహన్నెస్‌బర్గు నగరమున నోవా జన్మించెను. తల్లి ఖోసా జాతి స్త్రీ. తండ్రి స్విట్జర్లాండు దేశపు తెల్లవాడు. ఆ నిషేధము మరుసటి సంవత్సరము, అనగా 1985లో, రద్దయ్యెను. కాని బిడ్డ పుట్టిననాటికి ఆ బిడ్డయే తలిదండ్రుల నేరమునకు సాక్ష్యము. 2016లో తాను వెలువరించిన ఆత్మకథకు ఆయన 'బార్న్ ఎ క్రైమ్', అనగా 'నేరముగా పుట్టినవాడు' అని పేరిడుటకు ఇదియే హేతువు.

తల్లి ఆ బిడ్డను పెంచిన తీరు వినదగినది. నల్లవారు నివసింపరాని నగరభాగమున ఆమె రహస్యముగా ఇల్లు అద్దెకు తీసుకొనెను. పనిమనిషి వేషముతో తిరుగాడి పోలీసుల కన్ను గప్పెను. బిడ్డను వెంటబెట్టుకొని నడచునపుడు, మిశ్రవర్ణపు పొరుగు స్త్రీ యొకతె తల్లివలె ప్రక్కన నడచుచుండగా, కన్నతల్లి వెనుక దాసివలె నడచెడిది. సొవెటోలోని అమ్మమ్మగారి ఇంటికి పోయినపుడు బాలుని వీధిలోనికి పోనిచ్చువారు కారు. ఖోసా కుటుంబములందు పేర్లకు అర్థముండుట ఆచారము. ఆ అర్థమే బిడ్డకు విధివ్రాతయగునని ఒక నమ్మిక. ఆ తల్లి తన కుమారునకు ఆ దేశమున ఏ అర్థమును లేని పేరు కావలెనని కోరి 'ట్రెవర్' అని పిలిచెను. ఏ వ్రాతకును లోబడని పేరు అది.

ఇక భాషల మాట. దక్షిణాఫ్రికా ప్రభుత్వము భాషను గోడగా వాడుకొనినది. 1953 నాటి బంటూ విద్యాచట్టము నల్లవారి పిల్లలకు తక్కువ చదువును విధించెను. జాతికొక బడి, బడికొక భాష యేర్పరచి జులువారిని ఖోసావారితోను, సోతోవారిని త్స్వానావారితోను కలియనీయక వేరుపరచెను. ఇది చాలదని, పాలకుల భాషయైన ఆఫ్రికాన్సును బోధనాభాషగా రుద్దబూనగా, 1976 జూన్ 16వ తేదీన సొవెటో విద్యార్థులు వీధులకెక్కిరి. పోలీసు కాల్పులలో బాలురు నేలకూలిరి. మాతృభాషతోనే మనుష్యులను విడదీయవచ్చుననియు, పరభాషతోనే వారిని అణచవచ్చుననియు ఆ చరిత్ర తెలుపుచున్నది. భాషాభిమానులమైన మనము ఈ రెండు సంగతులను ఏకకాలమున గుర్తుంచుకొనవలెను.

నోవా తల్లి అదే భాషను వంతెనగా మార్చెను. ఆమె బిడ్డకు మొదట నేర్పినది ఇంగ్లీషు. ఆ దేశమున ఉద్యోగమునకును ధనమునకును అదియే ద్వారమని ఆమె ఎరుగును. అయినను ఇంగ్లీషు వచ్చినదని ఖోసాను ఇంటినుండి వెడలగొట్టలేదు. ఖోసాలో మందలించెను. జులు, సోతో, ఆఫ్రికాన్సు మొదలగునవి చుట్టుప్రక్కల వారివలన బాలునకు అబ్బెను. అంగడిలో యజమానుడొకడు వీరు దొంగలేమోనని తన మనిషితో ఆఫ్రికాన్సులో చెప్పగా, ఆమె అదే భాషలో తొణకక బదులిచ్చెనట. ఆ బదులుతో నోరు మూసికొనినవానిని చూచి బాలుడు నేర్చిన పాఠము ఏ పుస్తకమునను లేదు.

ఆ పాఠము పిమ్మట వీధిలో అక్కరకు వచ్చెను. ఒకనాడు జులు యువకులు కొందరు వెనుక నడచుచు, వీనిని పట్టి దోచుకొందమని తమ భాషలో ఆలోచించుకొనిరి. నోవా వెనుదిరిగి, అందరము కలిసి వేరెవరినైన దోచుకొందము రండని జులులోనే పలికెను. వారు నివ్వెరపోయి, తమవాడే యనుకొని క్షమాపణ చెప్పి వెడలిపోయిరి. బడిలో మరియొక సంగతి. పరీక్షించి ఆయనను తెల్లపిల్లలు మెండుగానున్న తరగతిలో చేర్చిరి. విరామ సమయమున నల్లపిల్లలతో వారి వారి భాషలలో మాటలాడిన పిదప, తన వారెవరో ఆ బాలునకు తెలిసినది. ఉపాధ్యాయులు వారించినను విడిచి, క్రింది తరగతికి తానై పోయి చేరెను. ఒంటి రంగు చెప్పని బంధుత్వమును నాలుక చెప్పినదని దీని భావము.

ఇచ్చట తెలుగువారికి నేరుగా సంబంధించిన ఒక విషయము కలదు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' నౌక డర్బను రేవు చేరినది. చెరకుతోటలలో ఒప్పందపు కూలీలుగా ఆ దేశమునకు పోయిన వారిలో తమిళులతోపాటు తెలుగువారును గలరు. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. 1994 ఏప్రిల్ 27వ తేదీన తొలి సార్వజనిక ఎన్నికలు జరిగి, 1996లో నూతన రాజ్యాంగము ఆమోదింపబడినపుడు పదకొండు భాషలు అధికార భాషలైనవి. అంతట నిలువక, ఆ దేశపు ప్రజలు వాడు ఇతర భాషలను గౌరవించి పెంపొందింపవలెనని చెప్పుచు ఆ రాజ్యాంగము ఆరవ ప్రకరణమున తెలుగును పేరుపెట్టి పేర్కొన్నది. మన భాషకు సముద్రముల కవతల దొరకిన గౌరవమిది. అయినను అచ్చటి తెలుగు కుటుంబములందు నేడు ఇంటి మాట ఇంగ్లీషే. తెలుగు పాటలందును, పూజలందును, సభలందును మిగిలినది. రాజ్యాంగము భాషకు పీఠమీయగలదు. ఇంటిలో మాటాడు నోరీయజాలదు. ఆ పని తల్లిదండ్రులదే.

నోవా తన వృత్తిని చిన్న పనులతో ఆరంభించెను. 2002లో ఒక టెలివిజను ధారావాహికలో చిన్న వేషము, ఆ పిదప రేడియో కార్యక్రమము, పలు కార్యక్రమములకు వ్యాఖ్యాతృత్వము – ఇట్లు సాగి వేదికపై ఒంటరిగా నిలిచి హాస్యము చెప్పు విద్యలో స్థిరపడెను. 2009లో స్వదేశమున 'ది డేవాకర్' అను ప్రదర్శన ఆయనకు పేరు తెచ్చెను. ఆ సంవత్సరముననే ఆయన సవతితండ్రి తల్లిని తుపాకితో కాల్చెను. గుండు తలలో దూరి వెలికి వచ్చినను ఆమె బ్రతికెను. వైద్యశాలలో ఏడ్చుచున్న కుమారుని చూచి, తన గాయమును గూర్చి తానే ఒక పరిహాసమాడి ఆతనిని నవ్వించెను. నోవా హాస్యమునకు గురువెవరో వేరుగా చెప్పనక్కరలేదు.

2010లో దక్షిణాఫ్రికాలోనే తన పేర ఒక రాత్రి సంభాషణా కార్యక్రమమును నడిపెను. 2011లో అమెరికాకు పోయెను. 2012 జనవరిలో 'టునైట్ షో'లో కనబడిన తొలి దక్షిణాఫ్రికా హాస్యప్రదర్శకుడయ్యెను. 2014 డిసెంబరులో 'ది డెయిలీ షో' అను కార్యక్రమమున అప్పుడప్పుడు పాల్గొను వ్యాఖ్యాతగా చేరెను. 1996లో ఆరంభమైన ఆ కార్యక్రమము, వార్తాప్రసారమును అనుకరించుచు రాజకీయములను ఎగతాళి చేయునది. 1999 నుండి జాన్ స్టువర్ట్ దానిని దేశప్రసిద్ధము చేసెను. స్టువర్ట్ విరమించుచుండగా 2015 మార్చిలో నోవాను వారసునిగా ప్రకటించిరి. అప్పుడు ఆయన వయస్సు ముప్పదియొక్క సంవత్సరములు.

ప్రకటన వెలువడిన మరునాడే, ఆయన పూర్వము యూదులను, స్త్రీలను గూర్చి వ్రాసిన కొన్ని పరిహాసవాక్యములు బయటపడి విమర్శ చెలరేగెను. అవి పేలవమైన హాస్యములని పలువురు తలంచిరి. ఆ విమర్శ నిష్కారణము కాదు. ప్రసారసంస్థ మాత్రము ఆయనను విడనాడలేదు. సెప్టెంబరు 28వ తేదీన పీఠమెక్కిన పిదపను, ఇతడు స్టువర్ట్ వలె ఆగ్రహింపడనియు, అమెరికా రాజకీయము నెరుగని పరదేశి యనియు ఆక్షేపణలు వినవచ్చెను. నోవా తన పూర్వుని అనుకరింప యత్నింపలేదు. పరదేశి కంటికి కనబడునదేదో దానినే చెప్పెను. పదవినాశించు నాయకుల మాటలలో ఆఫ్రికా నియంతల పోకడలను చూపెను. ప్రతివాని ఉచ్చారణను యథాతథముగా పలికి నవ్వించెను. చిన్ననాడు ప్రాణరక్షణకై నేర్చిన విద్య ఇప్పుడు జీవిక యయ్యెను.

2020 మార్చిలో మహమ్మారివలన స్టూడియోలు మూతపడగా తన నివాసమునుండియే కార్యక్రమమును నడిపెను. ఆ మే నెలలో మినియాపొలిస్ నగరమున జార్జ్ ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసు చేతిలో మరణింపగా, నోవా నవ్వించుట మాని, సమాజమన ఒక ఒడంబడిక యనియు, పాలకులే దానిని మీరినపుడు ప్రజలు దానిని ఏల పాటింపవలెననియు పదునెనిమిది నిమిషములు ప్రశాంతముగా వివరించెను. లక్షలాది జనులు దానిని చూచిరి. విదూషకుడు నవ్వక పలికినపుడు సభ మరింత శ్రద్ధగా వినును.

ఏడేండ్లు గడచిన పిమ్మట, 2022 డిసెంబరు 8వ తేదీన ఆయన ఆ పీఠమును తనంతట తాను వీడెను. దేశములు తిరుగుటకును, కొత్త భాషలు నేర్చుటకును తీరిక కావలెననుట ఆయన చెప్పిన కారణములలో ఒకటి. కీర్తిధనములుండగా భాషలకై ఉద్యోగము విడుచువారు అరుదు. 2023 సెప్టెంబరులో భారతదేశ పర్యటనకు వచ్చి బెంగుళూరులో ప్రదర్శింపబోగా, శబ్దయంత్రముల లోపమువలన మాట ప్రేక్షకులకు వినబడక ప్రదర్శనలు రద్దయ్యెను. మాటయే ఆయుధముగా గలవానికి మాట వినబడకుండుటకన్న పరాభవమేమున్నది! ఆ సంవత్సరముననే నెదర్లాండ్సు దేశపు ఎరాస్మస్ బహుమానము ఆయనకు లభించెను. 1965లో చార్లీ చాప్లిన్ పిదప దానిని పొందిన హాస్యనటుడు ఈయనయే. 2024 జనవరిలో ఆయన కార్యక్రమమునకు ఎమ్మీ పురస్కారము వచ్చెను. అప్పటికి ఆయన దానిని వీడి ఏడాది దాటినది.

ఈ చరిత్ర నుండి గ్రహింపదగిన దేమి? భాషలు నేర్చినంతనే అన్యాయ శాసనములు తొలగవు. అవి తొలగుటకు దక్షిణాఫ్రికాలో దీర్ఘపోరాటమును, ప్రాణత్యాగములును కావలసి వచ్చినవి. కాని శాసనము గీచిన గీటును దాటి ఎదుటి మనుష్యుని చేరుటకు భాష చాలును. పిల్లలకు ఇంగ్లీషో, కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, ఫ్రెంచియో నేర్పుటకు తెలుగును విడువవలెనని మనలో కొందరు తలంచుచున్నారు. తెలుగు నిలుచుటకు పొరుగు భాషను దూరముంచవలెనని మరికొందరు తలంచుచున్నారు. ఒక పేదతల్లి ఈ రెండును సరికావని తన బిడ్డ జీవితముతో చూపినది. ఆమె బిడ్డకు బ్రతుకుతెరువు భాషను ముందిచ్చెను. ఇంటి భాషను ఇంటిలోనే ఉంచెను. వీధి భాషలకు తలుపు తెరచెను. మన ఇండ్లలో అవ్వలు, తాతలు ఇప్పటికిని తెలుగున మందలించుచున్నారు, తెలుగున నవ్వించుచున్నారు. ఆ మందలింపును, ఆ నవ్వును పిల్లలు అర్థము చేసికొని తెలుగుననే బదులు పలుకునంత కాలము మన భాషకు లోటులేదు.