హైదరాబాద్ ఫుట్‌బాల్: ఏ స్థానంలో ఎంత బలం?

మా పటమట వైపు కాస్త ఖాళీ స్థలం కనపడితే వికెట్లు పాతడమే తప్ప గోల్ పోస్టులు పెట్టిన వాళ్ళు తక్కువ. అందుకే తెలుగువాళ్ళకీ ఫుట్‌బాల్‌కీ ఏమిటి సంబంధం అని ఆఫీసులో ఎవరైనా అంటే ఆశ్చర్యం వెయ్యదు. కానీ చరిత్ర వేరే మాట చెబుతుంది.

రహీం సాబ్ కోచ్‌గా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఇక స్థానాల వారీగా చూడండి. హైదరాబాదులో పుట్టిన గోల్‌కీపర్ తంగరాజ్. వెనక అజీజుద్దీన్, తర్వాతి తరంలో నయీముద్దీన్. మధ్యలో నూర్ మహమ్మద్. ముందు సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, ఆ తర్వాత హబీబ్. అంటే ఏ స్థానమూ ఖాళీ లేదన్నమాట! కానీ బలరాం 1957లో, హబీబ్ 1966లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయారు. మనకి ఆటగాళ్ళున్నారు, వాళ్ళని నిలబెట్టుకునే క్లబ్బు లేదు.

సరే, 2019కి వద్దాం. ఐఎస్ఎల్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఆ లీగ్‌లో డ్రాఫ్ట్ పద్ధతి 2017తోనే ఆగింది కాబట్టి ఒప్పందాలతోనే జట్టు కట్టుకోవాలి. మొదటి సీజన్లో రెండే గెలుపులు, ఆఖరి స్థానం. 2020లో మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక కథ మారింది.

నా లెక్కలో ఆ జట్టు ఎంపికలో అసలు బలం ఫుల్‌బ్యాక్ స్థానాల్లో ఉంది. ఆశిష్ రాయ్, ఆకాష్ మిశ్రా ఇద్దరూ ఇండియన్ యారోస్ నుంచి వచ్చిన కుర్రాళ్ళే. మన భాషలో చెప్పాలంటే ఫ్రెషర్లని తీసుకుని ప్రొడక్షన్‌లో పెట్టారు, వాళ్ళు నిలబడ్డారు. ఫార్వర్డ్ స్థానంలో మాత్రం రెడీమేడ్ సరుకు కొన్నారు: 2021-22లో ఓగ్బెచే 18 గోల్స్ కొట్టాడు, అప్పుడాయన వయసు 37. గోల్‌లో అనుభవజ్ఞుడు కట్టిమని. 2022 మార్చి 20న కేరళతో ఫైనల్ 1-1 అయ్యాక, షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చింది ఆయనే.

బలహీనత ఎక్కడంటే, ఏ స్థానంలోనూ వెనక వరస లేదు. ఆశిష్ 2022లో మోహన్ బగాన్‌కి, ఆకాష్ 2023లో ముంబైకి వెళ్ళారు. తర్వాత జీతాల గొడవలు, కొత్తవాళ్ళని చేర్చుకోవడం మీద నిషేధం.. 2023-24లో ఒక్కటే గెలుపు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

ఫైనల్ ఆడిన పదకొండు మందిలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు. పోలీస్ జట్టు రోజుల్లో ఆటగాళ్ళు ఇక్కడివాళ్ళు, డబ్బు కలకత్తాది. ఇప్పుడు డబ్బూ జట్టూ రెండూ అద్దెకొచ్చినట్టు వచ్చి వెళ్ళాయి. ఏ స్థానంలో ఎవరున్నారన్నది సగం లెక్కే. వాడు రేపు వెళ్ళిపోతే ఆ స్థానంలోకి ఏ వీధి నుంచి ఇంకొకడొస్తాడన్నది మిగతా సగం. రహీం సాబ్‌కి ఆ వీధులు తెలుసు. మళ్ళీ ఎప్పుడైనా మన దగ్గర క్లబ్బు పెట్టేవాళ్ళు ముందు అక్కడ మొదలుపెడితే బాగుంటుంది.