కోహిమాలోని సిలువ

నాగాలాండు రాజధానియగు కోహిమాలో కొండవాలున మెట్లుమెట్లుగా తీర్చిన పచ్చికతోట యొకటి కలదు. చూపునకు తోటయే గాని యది యుద్ధసమాధిభూమి. రెండవ ప్రపంచయుద్ధమున మడసిన 1,420 మంది యిచట నిదురించుచున్నారు. గడచిన దసరా సెలవులలో నేనొక పూట యచట గడపితిని.

1944 ఏప్రిల్ ఆరంభమున జపాను 31వ డివిజను, సాటో యను సేనాని నాయకత్వమున, బర్మానుండి వచ్చి యీ కొండను ముట్టడించెను. వచ్చినవారు సుమారు 15,000. లోపలనున్నవారు సుమారు 2,500, అందును పోరగలవారు కొంత భాగమే. జిల్లా అధికారి బంగళాలోని టెన్నిసు మైదానమునకు ఈవల నొక పక్షమువారును ఆవల నొక పక్షమువారును గోతులు త్రవ్వుకొని, బంతులాడిన చోట చేతిబాంబులు విసరుకొనిరి. జూను 22వ తేదీకి గాని బాట తెఱపి కాలేదు. ఆంగ్ల భారత సేనలలో హతులును క్షతగాత్రులును కలిసి సుమారు 4,000. జపానువారి నష్టము అంతకంటె నెక్కువ. సాటో సేనకు తిండి యందలేదు. అతడు పై యధికారుల యాజ్ఞను మీఱి తన వారిని మరలించుకొని పోయెను. గాయపడినవారిని మోసిన నాగాలను, కాలిపోయిన వారి యిండ్లను చరిత్రకారులు ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. నేనును సిగ్గుతో అట్లే దాటుచున్నాను.

ఆ టెన్నిసు మైదానపు గీతలు నేడును తెల్లగా గుర్తింపబడి యున్నవి. అచటనే యొక పెద్ద సిలువ నిలిచియున్నది. పేరు ‘క్రాస్ ఆఫ్ సాక్రిఫైస్’. మొదటి ప్రపంచయుద్ధానంతరము రెజినాల్డ్ బ్లోమ్‌ఫీల్డ్ అను వాస్తుశిల్పి కల్పించిన రూప మిది. రాతి సిలువపై, మొన క్రిందికుండునట్లు, కంచు కత్తి నొకదానిని ఆయన తగిలించెను.

బడిలో ఆంగ్లము చెప్పువాడను గనుక ఆ పేరును తెనిగింప యత్నించితిని. యాగమా, బలియా, త్యాగమా? ఆంగ్లమున మూటికిని ఒకటే మాట సరిపోవును. మన మీమాంసకులకు యాగమనగా దేవత నుద్దేశించి ద్రవ్యమును విడుచుట. విడుచువాడు యజమానుడు, విడువబడునది వేఱు. బలిపశువు సమ్మతి నెవరును అడుగరు. క్రైస్తవ విశ్వాసపు విశేషము సరిగా నిక్కడనే యున్నది. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో క్రీస్తే యాజకుడు, క్రీస్తే బలి. అర్పించువాడు తన్ను దానే యర్పించుకొనెను. పట్టుకొనుటకు వచ్చినవారిపై శిష్యుడు కత్తి దూసినపుడు, దానిని ఒరలో పెట్టుమని చెప్పెను. మఱి యాయన సిలువపైకి కత్తి యెట్లు వచ్చెను?

ఇచట జాన్ హార్మన్ అను లాన్స్ కార్పొరల్ సమాధి కలదు. 1944 ఏప్రిల్ 9వ తేదీన నతడు ఒంటరిగా శత్రువులపై బడి, ఐదుగురిని చంపి, మరలివచ్చుచు తుపాకిదెబ్బ తిని చనిపోయెను. మరణానంతరము విక్టోరియా క్రాసు బిరుదము లభించెను, అదియు సిలువయే. అతని ధైర్యమునకు చేయెత్తి మ్రొక్కుదును. కాని ఐదుగురిని చంపి చచ్చినవాని మరణమును, ఎవరిని చంపక చచ్చినవాని మరణమును ఒక్క పేర పిలుచుటకు నా నోరాడలేదు. సైనికుని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. అతడు తన్ను దానే యిచ్చుకొనెనా, ఇతరు లతని నిచ్చిరా యన్నదే నా సందేహము. ఆంగ్లేయులలో పెక్కుమంది నిర్బంధ సైన్యశాసనమువలన వచ్చినవారు. మనవారు స్వేచ్ఛగా చేరిరందురు; వారిలో నెందఱిని చేర్చినది కడుపో! రాజ్యము తాను యజమానుడై బలి యిచ్చి, పిమ్మట దానికి త్యాగమని పేరు పెట్టును.

ఒక పెద్ద సిలువ ఆంగ్లదేశపు తల్లులకే చాలలేదు. మొదటి యుద్ధమున ముగ్గురు కొడుకులను పోగొట్టుకొన్న లేడీ ఫ్లోరెన్స్ సెసిల్, ఎక్సెటరు బిషపుగారి భార్య, సమాధిపై పలకరాతికి మాఱుగా సిలువను నిలుప ననుజ్ఞ యిమ్మని 1919లో వేలకొలది సంతకములతో వేడుకొనెను. సమాధుల సంఘమువారు ఒప్పుకొనలేదు. 1920 మే 4వ తేదీన కామన్సు సభలో చర్చ జరిగి సంఘమువారి మాటయే నిలిచెను. దొరకును బంటునకును ఒకే రాయి. క్రైస్తవుడైనచో ఆ రాతిమీదనే సిలువగుర్తు. ఆ తల్లి కోరినది తప్పని యెవ్వరనగలరు? అయినను కోహిమాలో ఒకే కొలతతో బారులు తీరిన కంచు ఫలకములను చూచినపుడు నేను సంఘమువారి పక్షమే వహించితిని. కులమునకొక శ్మశానము గల పల్లెలు మనకు నేటికిని ఎన్ని లేవు!

సమాధిభూమిలో మిక్కిలి యెత్తైన చోట దహనస్మారకము కలదు. తమ మతాచారము ననుసరించి అగ్నికి అర్పింపబడిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారక మది. వారికి పలకరాయి లేదు, ఫలకము లేదు. పేరు మాత్రము మిగిలినది. నిలువబడి యొక్కొక్క పేరే చదువసాగితిని. తోటమాలి వచ్చి వేళ మించినదని చెప్పువఱకు సగమైనను కాలేదు.