తెర ఎవరిది? - మదన్ థియేటర్స్ ఉత్థాన పతనాలు

మన సినిమా చరిత్రలు సాధారణంగా దర్శకుల పేర్లతో మొదలై తారల పేర్లతో ముగుస్తాయి. సినిమా తీసినవారి గురించి పుటల కొద్దీ రాస్తాం. దాన్ని ఊరూరా చూపించినవారి గురించి, చూపించకుండా ఆపగలిగినవారి గురించి రాయం. పుస్తకం విషయంలో ప్రచురించింది ఎవరు, వెల ఎంత, చేరింది ఎవరికి అని అడిగే సాహిత్య విమర్శకులు కూడా సినిమా దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్నలు మరిచిపోతారు. ఈ లోపం ఎంత పెద్దదో చెప్పడానికి కలకత్తా మదన్ థియేటర్స్ చరిత్ర ఒక్కటి చాలునని నేను భావిస్తున్నాను.

ఈ సంస్థ స్థాపకుడు జంషెడ్‌జీ ఫ్రాంజీ మదన్ (1856-1923) బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టాడు. బాల్యంలోనే నాటకాలలో వేషాలు కట్టాడు. తరువాత కలకత్తా చేరి వర్తకుడయ్యాడు. సైనిక శిబిరాలకు మద్యం, ఆహార పదార్థాలు సరఫరా చేసి ధనం కూడబెట్టాడు. ఆ ధనంతో ఒకప్పుడు తాను వేషాలు కట్టిన ఎల్ఫిన్‌స్టన్ నాటక కంపెనీని, ఖటావ్-ఆల్ఫ్రెడ్ కంపెనీని కొనేశాడు. నటుడు యజమాని కావడం వరకు ఇది ఒక వ్యక్తి విజయగాథ. కాని ఆ పెట్టుబడి వలస పాలకుల సైన్యాన్ని పోషించే వ్యాపారం నుంచి వచ్చిందన్న సంగతి విస్మరించరాదు. ఆ పుట్టుక గుణం చివరిదాకా సంస్థను వదలలేదు.

1902లో ఆయన కలకత్తా మైదానంలో గుడారం వేసి బయస్కోపు ప్రదర్శనలు మొదలుపెట్టాడు. 1907లో ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్ కట్టాడు. కలకత్తాలో శాశ్వత సినిమాహాలు అదే మొదటిది. ఫ్రాన్సు పాథే కంపెనీ నుంచి యంత్రాలు, చిత్రాలు తెప్పించాడు. 1917లో ‘సత్యవాది రాజా హరిశ్చంద్ర’, 1919లో ‘బిల్వమంగళ్’ నిర్మించాడు. 1919లోనే మదన్ థియేటర్స్ లిమిటెడ్ ఏర్పడింది. 1923లో ఆయన మరణించాక కుమారుడు జె.జె. మదన్ పెత్తనం చేపట్టాడు. 1920ల చివరికి భారతదేశం, బర్మా, సింహళాలలో సంస్థ చేతికింద ఉన్న హాళ్ళు వందకు చేరువయ్యాయి. నిర్మాణం, పంపిణీ, ప్రదర్శన మూడూ ఒకే కుటుంబం గుప్పిట్లోకి వచ్చాయి. గుత్తాధిపత్యం అంటే ఏమిటో మన సినిమారంగం మొదట చూసింది ఇక్కడే.

ఆ గుప్పిట్లో కథల గతి ఏమయింది? 1927లో బ్రిటిష్ ప్రభుత్వం మద్రాసు న్యాయవాది టి. రంగాచారియార్ అధ్యక్షతన సినిమాటోగ్రాఫ్ కమిటీని నియమించింది. ఆనాడు విడుదలవుతున్న చిత్రాలలో భారతీయమైనవి సుమారు 15 శాతమేనని, మిగిలినవి విదేశీయమని, వాటిలో అత్యధికం అమెరికావని ఆ కమిటీ నివేదిక చెప్పింది. మదన్ గుత్తాధిపత్యం మీద దేశీయ నిర్మాతల ఫిర్యాదులు ఆ కమిటీ ముందుకు వచ్చాయి. వర్తకుడి లెక్క చాలా సులువు. అమెరికాలో ఖర్చు రాబట్టుకున్న చిత్రం చౌకగా వస్తుంది, ఇక్కడ కొత్తగా తీసే చిత్రం ఖరీదు. హాలు ఉన్నవాడికి చిత్రం ఎవరిదైనా ఒకటే.

అయినా సంస్థ సేవను తోసిపుచ్చలేం. బంకించంద్రుని ‘విషవృక్షం’, ‘దుర్గేశనందిని’, ‘కపాలకుండల’ నవలలు దాని ద్వారానే తెరకెక్కాయి. అదే సంస్థ నాటక కంపెనీలకు ఆగా హష్ర్ కశ్మీరీ వంటి రచయిత రాశాడు. చదువురాని వేలమందికి కథను అందించిన సాధనం ఇది. అయితే ఈ సంస్థలో రచయిత స్థానం కూలి తీసుకునే మున్షీ స్థానమే. నాటకం కంపెనీ ఆస్తి, రచయిత కంపెనీ మనిషి.

పతనం ఎలా వచ్చింది? 1929లో ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్‌లోనే దేశంలో మొదటిసారి విదేశీ శబ్దచిత్రం ప్రదర్శించారు. మాట నేర్చిన తెరను ఈ దేశానికి చూపిన సంస్థే ఆ మాట బరువు మోయలేకపోయింది. ‘ఆలం ఆరా’ వెలువడిన 1931లోనే మదన్ వారు ‘షిరీన్ ఫర్హాద్’ తీసి డబ్బు గడించారు. 1932లో దాదాపు 70 పాటలతో ‘ఇంద్రసభ’ తీశారు. వంద హాళ్ళలో శబ్దయంత్రాలు పెట్టడమంటే మాటలు కాదు. పైగా అది ప్రపంచ ఆర్థిక మాంద్యం కాలం. ఇవి అందరూ చెప్పే కారణాలు.

నాకు వీటికన్నా ముఖ్యంగా తోచే కారణం మరొకటి ఉంది. మూకీకి భాష లేదు. అక్షరాల ముక్కలు మారిస్తే ఒకే చిత్రం పెషావరులోనూ రంగూనులోనూ ఆడుతుంది. మదన్ వారి సామ్రాజ్యం ఈ పునాది మీదే నిలిచింది. టాకీ వచ్చి ఆ విపణిని భాషలవారీగా చీల్చింది. ఇక కావలసినవి గోడలూ కుర్చీలూ కావు. ఆయా భాషల రచయితలు, గాయకులు, నటులు. హాళ్ళ మీద పెట్టిన శ్రద్ధ మనుషుల మీద పెట్టని సంస్థకు వారు ఎక్కడి నుంచి వస్తారు? అదే కలకత్తాలో 1931లో బి.ఎన్. సర్కార్ స్థాపించిన న్యూ థియేటర్స్ బెంగాలీ సాహిత్యాన్ని, సంగీతాన్ని ఆశ్రయించి నిలదొక్కుకుంది.

తెలుగుతో ఈ సంస్థకున్న బంధం ఇక్కడే కనిపిస్తుంది. 1933లో కాళ్ళకూరి నారాయణరావు నాటకం ‘చింతామణి’ మదన్ సంస్థ చిత్రంగా వచ్చింది. పులిపాటి వెంకటేశ్వర్లు, రామతిలకం మన రంగస్థలం నుంచి వెళ్ళినవారే. 1919 నాటి బిల్వమంగళుని కథే ఇది. ఆ భక్తుణ్ణి మనం లీలాశుకుడంటాం. మూకీలో ఏ భాషా లేని కథకు పద్నాలుగేళ్ళ తరువాత తెలుగు నోరు వచ్చింది. కాని అప్పటికే ఇల్లు కూలుతోంది. హాళ్ళు ఒకటొకటిగా చేతులు మారాయి. 1930ల చివరికి చిత్రనిర్మాణమూ ఆగిపోయింది.

ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్ మినర్వా అయింది, చాప్లిన్ అయింది, 2013లో నేలమట్టమయింది. సంస్థ తీసిన మూకీలలో చాలావాటికి ఆనవాలు లేదు. ‘బిల్వమంగళ్’ కొన్ని వందల మీటర్ల మేర ఫ్రాన్సు చిత్రభాండాగారంలో దొరికి మన జాతీయ భాండాగారానికి చేరింది. హాళ్ళకు కట్టిన విలువ చిత్రాలకు కట్టలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు యజమానుల పేర్లు మారాయి, యంత్రాలు మారాయి. ఏ కథ ఎన్ని తెరల మీద ఎన్ని రోజులు ఉండాలో నిర్ణయించే అధికారం మాత్రం కథ రాసినవాడి చేతికి గానీ, టిక్కెట్టు కొన్నవాడి చేతికి గానీ రాలేదు. చిత్రంలోని భావజాలాన్ని విమర్శించడం అవసరమే. దానితోపాటు ఆ చిత్రానికి తెర ఇచ్చింది ఎవరు, ఇవ్వనిది దేనికి అని కూడా మన విమర్శ అడగాలి. అలా అడగనంత కాలం మనం రాసేది సినిమా చరిత్రలో సగమే అవుతుంది.