టమాటా పచ్చడి: జాడీలోకి ఆలస్యంగా వచ్చిన పండు

ఆబ్దికం వంటలో టమాటా వెయ్యరు. పెనుగొండ చుట్టుపక్కల ఆచారం పాటించే ఇళ్లలో ఆ రోజు అరటికాయ, కంద, చేమదుంప, కాకరకాయలకే చోటు. కాబేజీ, బంగాళాదుంపలతో పాటు టమాటాని కూడా పక్కన పెట్టేస్తారు. పూరీ జగన్నాథుడి వంటశాలలోనూ అంతే. పెద్దలకి తెలియని కూర పెద్దలకి పెట్టకూడదన్న లెక్క అది. చరిత్ర పుస్తకాలు చెప్పకపోయినా, ఈ పండు మనకి కొత్తదని ఆ ఆచారమే చెబుతుంది.

రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో కాశీఖండం రాసిన శ్రీనాథుడు పదిహేనో శతాబ్దం వాడు. టమాటా గానీ మిరపకాయ గానీ ఆయన చూసి ఉండే వీలే లేదు. అప్పటికి రెండూ సముద్రానికి ఆవలే ఉన్నాయి. టమాటా పుట్టింది దక్షిణ అమెరికా పడమటి వైపు, మనిషి చేతిలో సాగుపంటగా మారింది మెక్సికోలో. 1521లో ఆజ్‌టెక్ రాజధాని స్పెయిన్ వశమయ్యాక ఐరోపా చేరింది. 1544లో మత్తియోలి అనే ఇటలీ వైద్యుడు దాని గురించి రాశాడు. తినడానికి మాత్రం అక్కడివాళ్లు చాలాకాలం జంకారు. 1690ల్లో నేపుల్స్‌లో అచ్చయిన ఆంటోనియో లాతీనీ వంటల పుస్తకంలో ‘స్పెయిన్ పద్ధతి’ టమాటా సాస్ ఉంది. పండిన కాయల్ని నిప్పులమీద కాల్చి, తొక్క ఒలిచి, సన్నగా తరిగి, ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు, నూనె, వెనిగర్ కలపాలి. వెనిగర్ బదులు చింతపండు వేస్తే మనం రోట్లో నూరుకునే కాల్చిన టమాటా పచ్చడికి అది ఎంత దగ్గరో!

పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మిరపకాయని మనవాళ్లు చప్పున కలుపుకొన్నారు. టమాటా అలా కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా దాన్ని ఎక్కువగా దొరల భోజనాల కోసమే పండించారు. దానికి కారణం మన వంటిల్లేనని నాకనిపిస్తుంది. కారానికి అప్పటిదాకా మిరియాలే దిక్కు కాబట్టి మిరపకాయ అక్కరకొచ్చింది. పులుపుకి మాత్రం చింతపండు, మామిడికాయ, గోంగూర, నిమ్మ, దబ్బ ఉండగా ఇంకో పులుపుతో పనేముంది? తర్వాత తర్వాత రామములక్కాయ అని పేరు పెట్టుకుని మరీ ఇంట్లోకి రానిచ్చాం.

అమెరికాలో దాని దారి వేరు. 1812లో ఫిలడెల్ఫియాకి చెందిన జేమ్స్ మీజ్ టమాటా కెచప్ చేసే పద్ధతి అచ్చు వేయించాడు. 1876లో హైంజ్ కంపెనీ సీసాల్లో అమ్మడం మొదలెట్టింది. కాల్చిన మాంసానికి పూసే బార్బెక్యూ సాస్ మొదట్లో వెనిగర్, మిరియాలే. తూర్పు కరోలినాలో ఇప్పటికీ అంతే. కాన్సాస్ సిటీ వైపు వెళ్తే టమాటా, మొలాసిస్ చేరి చిక్కగా, తియ్యగా మారుతుంది. మొలాసిస్ అంటే చెరకురసంలోంచి పంచదార తీశాక మిగిలే నల్లటి పాకం. 1947లో ఆంధ్రా షుగర్స్ వెలసిన తణుకు పక్కనే ఉన్న పెనుగొండవాళ్లకి అది కొత్త సరుకేం కాదు. ఆ సాస్ ఇంట్లో కావాలన్నా కష్టం లేదు. టమాటా గుజ్జుని ఉల్లి, వెల్లుల్లి, మిరప్పొడి, ఆవపిండి, బెల్లం, వెనిగర్‌తో సన్నసెగన గరిటకి అంటుకునేదాకా ఉడికిస్తే చాలు.

టమాటాలో నూటికి తొంభై పాళ్లు పైనే నీళ్లు. పులుపు కూడా నిల్వకి సరిపోయీ సరిపోనట్టుంటుంది. ఆ లోటుని అమెరికా వాళ్లు వెనిగర్‌తో, తీపితో, పొయ్యిమీద పూడ్చారు. మనవాళ్లు ఉప్పుతో, ఎండతో, చింతపండుతో, నూనెతో పూడ్చారు. మాగాయకి తెలిసిన పద్ధతినే కొత్త పండుకి అమర్చారు.

మాఘ ఫాల్గుణాల్లో కాయ చౌక, ఎండ ముదురుతుంటుంది, కొత్త ఆవకాయకి ఇంకా వ్యవధి ఉంటుంది, జాడీలూ ఖాళీగా ఉంటాయి. గట్టి పళ్లు తుడిచి, తడి ఆరాక తరిగి, ఉప్పు, పసుపు కలిపి జాడీకి వాసెన కడతారు. మూడోనాటికి ముక్క మునిగేంత ఊట వస్తుంది. ముక్కల్ని పిండి పాత పంచెమీద ఎండబెడతారు. ఊటని వెడల్పాటి పళ్లెంలో పోసి, కిలో కాయలకి ఓ వంద గ్రాముల చింతపండు అందులోనే నానేసి, అదీ ఎండలో పెడతారు. ముక్క అంచులు ముడుచుకోవాలి, మధ్యలో మెత్తదనం ఉండాలి. పూర్తిగా వరుగైతే పచ్చడి పీచుపీచుగా వస్తుంది. అప్పుడు అన్నీ కలిపి తొక్కి, కారం, మెంతిపిండి, వెల్లుల్లి వేసి, పప్పునూనెలో ఇంగువ తాలింపు చల్లారాక పోస్తారు. పొయ్యిమీద మగ్గబెట్టి గంటలో ముగించే పద్ధతీ ఉంది కానీ, ఆ పచ్చడికి ఎండ ఇచ్చే రుచి రాదు.

పెనుగొండకి ఆనుకునే ఉన్న పెరవలి మండలంలో ఉసులుమర్రు అనే ఊరుంది. పచ్చళ్లు పెట్టడమే అక్కడ ఎన్నో కుటుంబాల జీవనం. ఇంట్లో ఆడవాళ్లు పచ్చడి కలిపితే, మగవాళ్లు సైకిళ్లమీద, తర్వాత మోపెడ్లమీద ఊరూరా తిరిగి అమ్మారు. దొరల కోసం పండించిన పండు ఇలా వీధి గుమ్మం దాకా వచ్చిందంటే అందులో ఆ చేతుల కష్టం చాలా ఉంది. అమెరికాలో పిల్లలున్న ఇళ్లనుంచి ఇప్పుడు అదే పచ్చడి ప్యాకెట్లలో సీలు వేసుకుని విమానమెక్కుతోంది.

డెల్టా అంతా వరి. గోదావరి లంకల్లో కూరగాయలు పండినా, టమాటా ఎక్కువగా మదనపల్లె నుంచి లారీల్లో దిగుతుంది. వచ్చేదాంట్లో హైబ్రిడే ఎక్కువ. తొక్క మందం, పులుపు తక్కువ. నాటుకాయ దొరికితే అదే తీసుకోవాలి. దొరక్కపోతే చింతపండు కాస్త పెంచి, ఎండ ఇంకో పూట ఇవ్వాలి.