జాక్ హామర్ నుంచి రోబో దాకా.. కాంక్రీట్ పగలగొట్టే మెషిన్లు ఎలా మారాయంటే?

ఊళ్లో పైప్‌లైన్ కోసం సీసీ రోడ్డు పగలగొట్టేటప్పుడు వచ్చే మోత వినని వాళ్లుండరు. ట్రాక్టర్ వెనక కంప్రెషర్, దాన్నుంచి లావు పైపు, చివర్లో మనిషి చేతిలో ఊగిపోయే మెషిన్. దాన్ని అందరం జాక్ హామర్ అనేస్తాం. అసలు లెక్క వేరే. జాక్ హామర్ రాయికి రంధ్రం వేసేది, కొడుతూ తిరుగుతుంది. రోడ్డు పగలగొట్టేది బ్రేకర్, అది కొట్టడమే తప్ప తిరగదు. నల్గొండ జిల్లా బావుల్లో రాయి కొట్టే పనికి దిగేది మొదటిదే. దాంతో రంధ్రాలు వేసి, మందు పెట్టి పేలుస్తారు.

గాలితో మొదలు..

చాలా కాలం సమ్మెట, ఉలే ఆధారం. ఫ్రాన్స్-ఇటలీ మధ్య సుమారు 13 కిలోమీటర్ల మాంట్ సెనిస్ రైల్వే సొరంగాన్ని కూడా 1857లో చేతి పనితోనే మొదలుపెట్టారు. 1861 నుంచి గాలి డ్రిల్లులు దింపారు, 1871లో సొరంగం ఓపెన్ అయింది. 1894లో అమెరికాలో చార్లెస్ బ్రాడీ కింగ్ గాలి సుత్తికి పేటెంట్ తీసుకున్నాడు.

లోపల జరిగేది సింపుల్. ఒత్తిడితో వచ్చే గాలి పిస్టన్‌ను పైకీ కిందకీ తోస్తుంది. అది ఉలి తల మీద నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు వేస్తుంది. కాంక్రీట్ ఎంత బరువైనా మోస్తుంది కానీ సాగదీస్తే తట్టుకోలేదు. అందుకే మొన దిగి పక్కలకు నెట్టగానే పగులుతుంది.

కేతేపల్లి మండలం సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు పూర్తయిన 1963లోనే జర్మనీలో క్రుప్ కంపెనీ హైడ్రాలిక్ బ్రేకర్‌కు పేటెంట్ పొందింది. 1967లో హెచ్‌ఎం 400 పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. గాలి ప్లేస్‌లో ఆయిల్. కంప్రెషర్ అక్కర్లేదు, ఎక్స్‌కవేటర్ (మనవాళ్లకు ఏ కంపెనీదైనా హిటాచీనే) ఇంజిన్ చాలు. హైదరాబాద్‌లో బిల్డింగులు కూల్చే వీడియోల్లో ముక్కుతో పొడిచినట్టు కనిపించేది ఇదే.

ఇప్పుడు ఇంకా చాలా వచ్చాయి. పిల్లర్లను దవడల్లా నమిలే క్రషర్లు, డైమండ్ వైర్ రంపాలు, ఇనుప చువ్వలు చెడకుండా కాంక్రీట్‌ను మాత్రమే ఊడగొట్టే వాటర్ జెట్లు. స్వీడన్‌కు చెందిన బ్రోక్ రోబోలనైతే మనిషి దూరంగా నిలబడి రిమోట్‌తో నడుపుతాడు.

మోత కంటే దుమ్మే డేంజర్

కానీ హిటాచీ పట్టని గల్లీలో పని మళ్లీ మనిషి చేతికే వస్తుంది. బరువైన బ్రేకర్లు 25 నుంచి 40 కిలోలు ఉంటాయి. గాలి సుత్తులు వాడే రాతి కార్మికుల వేళ్లు తెల్లబడి మొద్దుబారుతున్నాయని అమెరికా డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1918లోనే ఇండియానా రాష్ట్రంలో గుర్తించారు. దుమ్ములోని సిలికాతో సిలికోసిస్ వస్తుంది. పాడైన ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం దీన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. గల్లీలో రోడ్డు కొట్టే కూలీ ఏ ఫ్యాక్టరీ లెక్కలోకి వస్తాడన్నది వేరే ప్రశ్న.

1890లలో జార్జ్ లేనర్ డ్రిల్ రాడ్డుకు మధ్యలో బొర్ర పెట్టి గాలి ఊదించాడు. దుమ్ము ఎగిసిపడి గని కార్మికులు దాన్ని వద్దన్నారు. దాంతో అదే దారిలో నీళ్లు పంపాడు. ఇప్పటికీ మందు అదే. కొట్టే చోట నీళ్లు చల్లుతూ ఉండాలి, ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. ముఖానికి కట్టిన తువ్వాలు సన్నటి దుమ్మును ఆపదు. ఇంట్లో శ్లాబ్ కొట్టిస్తుంటే నీళ్లు చల్లే మనిషి కూలి కూడా ముందే మాట్లాడుకోండి. కరెంట్ బ్రేకర్ అయితే మెషిన్ మీద, ప్లగ్ మీద నీళ్లు పడకుండా చూడాలి.