క్యాన్సరు చికిత్సయు వ్యాయామమును: ఒక మార్పు చరిత్ర

నాగరగెరె మొదలుకొని బాగేపల్లి, చింతామణి వరకు గల మన తెలుగు కుటుంబములలో ఎవరికైన క్యాన్సరు అని తేలినచో ముందుగా తలపునకు వచ్చునది బెంగుళూరు. ఊరి పేరు కన్నడము, ఇంటి మాట తెలుగు, పెద్ద ఆస్పత్రి బెంగుళూరు. ఈ మూటి నడుమ మసలుకొనుట మనకు అలవాటే. 1973లో రఫీ అహమ్మద్ కిద్వాయి పేర అచ్చట క్యాన్సరు వైద్య సంస్థ వెలసినది మొదలు ఆ దారి మరింత పరిచితమైనది. మందు ఎక్కించుకొని బస్సులో తిరిగి వచ్చిన తల్లిని మన మేమి చేయుదుము? చాప పరచి, “నువ్వు కదలొద్దమ్మా, పనంతా మేము చూసుకుంటాము” అందుము. గడప దాటనీయము. మంచినీళ్ల చెంబు గూడ చేతికి అందింతుము. ఇది ప్రేమయే, సందేహము లేదు. కాని ఈ ప్రేమ రోగికి మేలు చేయుచున్నదా అని వైద్యలోకము గత నలువది యేండ్లుగా పరీక్షించుచు వచ్చినది. తేలిన విషయము మన అలవాటునకు ఎదురుగా నున్నది. అది తేలిన త్రోవను ఇచ్చట చెప్పదలచితిమి.

రోగికి పడకయే పథ్యమను నమ్మకము మన పల్లెలలో మాత్రమే పుట్టినది కాదు. అమెరికాలో వీర్ మిచెల్ అను వైద్యుడు 1870 ప్రాంతములలో రోగులను వారముల తరబడి మంచము దిగనీయక పాలు, మాంసము పెట్టి పోషించు పద్ధతిని ప్రచారము చేసెను. క్షయకు మందు లేని కాలమున శానిటోరియములందు కూడ విశ్రాంతి, గాలి, పుష్టికరమైన ఆహారము, ఈ మూడే చికిత్స. చింతామణి నుండి ఎంతో దూరము లేని మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915లో తెరచిన శానిటోరియమును మన పెద్దలు ఎరుగుదురు. ఆ పేరు వినినంతనే ఇంటిల్లిపాది గుండెలు జల్లుమన్న దినములవి.

ఆ కాలముననే ఒక వైద్యుడు ఎదురు నడచెను. ఇంగ్లండులో 1905లో తెరచిన ఫ్రిమ్లీ శానిటోరియమున మార్కస్ పాటర్సన్ క్షయరోగులచేత మొదట నడక, పిమ్మట మట్టి గంపలు మోయుట, ఆపైన పార పని, ఇట్లు కొలత ప్రకారము శ్రమ చేయించెను. ఎంత శ్రమ, ఎవరికి, ఎప్పుడు అను లెక్క ఆయన విధానమునకు ప్రాణము. ఈ లెక్క అను మాటను పాఠకులు గుర్తుంచుకొన వలసినదిగా కోరుచున్నాము. మరల దీనితో పని యున్నది.

పడకపై అసలు దెబ్బ మన దక్షిణదేశముననే పడినది. 1956లో మద్రాసున నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు కొందరు రోగులను శానిటోరియమున నుంచియు, కొందరిని వారి ఇండ్లలోనే యుంచియు ఒకే మందులు ఇచ్చి పోల్చి చూచిరి. ఇండ్లలోని వారు ఇరుకు గదులలో, చాలీచాలని తిండితో, ఎక్కువగా తిరుగుచు నుండిరి. అయినను వారు దాదాపు శానిటోరియము వారివలెనే కోలుకొనిరని 1959లో ప్రకటింపబడెను. మందు సరిగా పడినచో మంచము అవసరము లేదని లోకమునకు తెలిపినవారు మద్రాసు పేదలే యని మేము గర్వముగా చెప్పుకొందుము.

క్యాన్సరు విషయమున ఈ మార్పు ఆలస్యముగా వచ్చినది. రాచపుండని పెద్దలు భయపడిన ఈ వ్యాధికి కత్తి, కిరణములు తప్ప వేరు సాధనములు చాలకాలము లేవు. మందుల యుగమును తెరచిన వారిలో తెలుగువాడొకడు కలడు. భీమవరమున 1895లో జన్మించి, మద్రాసున వైద్యము చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలలో నడపిన పరిశోధన నుండి అమినోప్టెరిన్ వెలువడినది. దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు గల పిల్లలకిచ్చి, కొందరిలో వ్యాధి కొంతకాలము వెనుకకు తగ్గుటను 1948లో ప్రకటించెను. ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ కోవలోని మెతోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

ఈ మందులు ప్రాణము నిలుపును గాని ఒడలిని కృశింపజేయును. వానివలన కలుగు నిస్సత్తువ నిద్రించినంత మాత్రమున తీరునది కాదు. అలసినదని రోగి పడుకొనును. పడుకొనిన కొలది కండ కరగును, గుండె బలము తగ్గును. అంతట లేచి పెరటిలోనికి పోవుటయే కొండ యెక్కినట్లగును. కనుక మరల పడుకొనును. ఈ గానుగ తిరుగుటను గమనించినవారు పేరుమోసిన శస్త్రవైద్యులు కారు, నర్సులు. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున మేరీ మెక్‌వికార్, మెరిల్ విన్నింగ్‌హామ్ అనువారలు రొమ్ము క్యాన్సరునకు మందులు పుచ్చుకొనుచున్న స్త్రీలను కదలని సైకిలుపై కూర్చుండబెట్టి, వారమునకు మూడుమారుల చొప్పున పది వారములు త్రొక్కించిరి. 1989లో వెలువడిన వారి అధ్యయనములో 45 మంది స్త్రీలు కలరు. సైకిలు త్రొక్కినవారి శరీరము ఆమ్లజనిని వాడుకొను శక్తి నూటికి 40 వంతులు పెరిగెను. చికిత్స నడుచుచుండగనే!

ఆపైన అధ్యయనములు వరుసగా వచ్చినవి. కెనడాలో 242 మంది స్త్రీలపై జరిపి 2007లో ప్రకటించిన పరీక్షలో, బరువులెత్తు వ్యాయామము చేసిన వారికి నిర్ణయించిన మందు మోతాదు ఎక్కువగా పూర్తికాగలిగెను. మన ఇండ్లకు మరింత దగ్గరగా తాకునది 2009 నాటిది. రొమ్ము శస్త్రచికిత్స తరువాత చేయి వాచిన స్త్రీలను ఆ చేత బరువు లెత్తవద్దని చిరకాలముగా హెచ్చరించుచుండిరి. మన ఆడవారిని బిందె ముట్టనీయకపోవుట ఇందువలననే. అమెరికాలో కాథరిన్ ష్మిట్జ్ బృందమువారు అట్టి 141 మంది స్త్రీలలో సుమారు సగము మందిచేత, బిగుతైన చేతి తొడుగు వేయించి, నేర్పరుల కనుసన్నలలో మెల్లమెల్లగా బరువులు పెంచి ఎత్తించిరి. వాపు పెరుగలేదు, వాపు ఉద్రేకించుట ఎత్తనివారిలోనే ఎక్కువగా కనబడెను. ఇది చదివి నేడే నిండుబిందె నెత్తవలెనని ఎవరును తలపరాదు. ఇక్కడను లెక్కయే ముఖ్యము.

బెంగుళూరు ఈ చరిత్రకు వెలియై లేదు. అచ్చటి వివేకానంద యోగ అనుసంధాన సంస్థకు చెందిన పరిశోధకులు కిరణ చికిత్స పొందుచున్న 88 మంది రొమ్ము క్యాన్సరు రోగులలో సగము మందికి ఆరు వారములు యోగాభ్యాసము చేయించి, తక్కినవారికి ఊరడింపు మాటలతో కూడిన ఆదరణ మాత్రమే ఇచ్చి పోల్చిరి. యోగము చేసినవారిలో ఆందోళన, దిగులు తగ్గినట్లు 2009లో ప్రకటించిరి. ఇది చిన్న పరీక్ష. యోగము క్యాన్సరును మాన్పునని వారు చెప్పలేదు. కొందరు బంధువులు ఆసనములు చాలును, ఆస్పత్రి యేల యని సలహా యిచ్చుట మేము వినియున్నాము. అది ప్రాణముతో ఆడుకొనుటయే. మందును మానిపించు వ్యాయామము వ్యాయామము కాదు.

2022లో అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘము, వ్యాధిని నయము చేయనెంచి చికిత్స యిచ్చుచున్నవారికి వ్యాయామమును సూచింపవలెనని వైద్యులను కోరెను. 2025లో మరియొక ఫలితము వచ్చినది. పెద్దప్రేగు క్యాన్సరునకు శస్త్రచికిత్సయు మందులును ముగిసిన 889 మందిలో, మూడేండ్లు క్రమబద్ధముగా వ్యాయామము చేయించిన వారిలో ఎనిమిదేండ్లకు నూటికి 90 మంది జీవించియుండిరి. సలహా పుస్తకము మాత్రమే ఇచ్చిన వారిలో 83 మంది. చికిత్స తరువాతి కాలమును గురించినదైనను, ఈ భేదము తేలికగా త్రోసివేయదగినది కాదు.

పొద్దంతా మల్బరీ ఆకు కోసి, పశువులను చూచుకొను ఇల్లాలికి మరల వ్యాయామ మెందుకని మన వారడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని పొలము పని రోగి బలమును బట్టి తగ్గదు, పంటను బట్టి పెరుగును. వ్యాయామము రోగిని బట్టి కొలిచినది. ఒకనాడు పది నిమిషములు చెరువుకట్టపై నడచి, మందు ఎక్కించిన మరునాడు అయిదు నిమిషములే నడచినను అది లెక్కలోనిదే. అలవాటైన కొలది వారమునకు మూడుమారులు, మారునకు అరగంట చురుకైన నడక, రెండుమారులు కండబలమునకు తగిన సాధన అని 2019లో నిపుణులు ప్రకటించిన కొలత. జ్వరము వచ్చిననాడు, రక్తము మిక్కిలి తగ్గినప్పుడు, తల తిరుగునప్పుడు, ఛాతీలో నొప్పి యున్నప్పుడు ఆగవలెను. వ్యాధి ఎముకలకు ప్రాకినవారు వైద్యుని యడుగక బరువు ముట్టరాదు.

మన పెద్దలలో పలువురు తెలుగు మాటాడుదురు, కన్నడము చదువుదురు, వైద్యుని యెదుట రెండును మరచి తలయూపి వచ్చుదురు. కావున వచ్చుమారు బెంగుళూరు బస్సెక్కుటకు ముందు, పరీక్షల కాగితములతోపాటు ఒక చీటీ గూడ సంచిలో నుంచుకొనవలెను. అందు వ్రాయవలసినవి మూడే: ఎంత దూరము నడువవచ్చును, ఎంత బరువెత్తవచ్చును, ఏనాడు మానవలెను.